శుద్ధి చేసిన మురుగునీరు పొలానికి పెట్టొచ్చా? ఏ దారిన వచ్చిన నీరు ఏ పంటకు నప్పుతుంది

2018 జూన్‌లో కర్ణాటకలోని కోలారు దగ్గరి లక్ష్మీసాగర చెరువులోకి బెంగుళూరులో శుద్ధి చేసిన మురుగునీళ్లు దిగాయి. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేని జిల్లా అది. వెయ్యి అడుగులు దాటి దించిన బోర్లు కూడా దుమ్ము చిమ్మిన ఊళ్లు అక్కడ చాలా ఉన్నాయి. అలాంటి చోట చెరువు నిండితే పండగే. కానీ మరుసటి నెలలోనే ఆ చెరువు మీద తెల్లటి నురగ తేలింది, వ్యవహారం కోర్టుకెక్కింది. అప్పటి నుంచి ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి వైపు తెలుగు మాట్లాడే రైతులకు ఒకటే సందిగ్ధం. ఈ నీళ్లు వరమా, విషమా?

ఆ ప్రశ్నకు జవాబు దొరకదు, ఎందుకంటే ప్రశ్నే సరిగ్గా లేదు. "శుద్ధి చేసిన నీరు" అనేది ఒకే సరుకు కాదు. ఒకే శుద్ధి కేంద్రం నుంచి బయల్దేరిన నీరు పైపులో నేరుగా పొలానికి వస్తే ఒక రకం, చెరువులో నిలిచి భూమిలోకి ఇంకి బోరులో పైకొస్తే ఇంకో రకం, దారిలో నాలా కలిస్తే మరో రకం. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అలాంటి చోట ఏటా ఠంచనుగా వచ్చే నీటిని కాదనుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే పెట్టాలా వద్దా అన్నది పక్కన పెట్టి, మీ ముందున్న నీరు ఏ రకం, మీ నేలా పంటా దాన్ని తట్టుకుంటాయా అన్నది చూద్దాం.

## ముందు కొలతలు: దేన్ని బట్టి ఎంచాలి

ఉప్పు. అందరూ ముందు క్రిముల గురించి అడుగుతారు. నేను ఉప్పుతో మొదలుపెడతాను. క్రిములు ఎండకు చస్తాయి, ఉడికిస్తే చస్తాయి. ఉప్పు మాత్రం మీ పొలంలోనే ఉండిపోతుంది. ఇళ్లలో స్నానాలు, సబ్బులు, వంటలు, వాటర్ సాఫ్ట్‌నర్లు కలిసి తాగునీటికి ఎంతో కొంత ఉప్పు చేరుస్తాయి. మామూలు శుద్ధి కేంద్రం దాన్ని తీసేయలేదు. అక్కడి బ్యాక్టీరియా కుళ్లే పదార్థాన్ని తింటుంది, ఉప్పును ముట్టుకోదు.

ఒక లెక్క వేద్దాం. నీటి ఈసీ, అంటే విద్యుత్ వాహకత, మీటరుకు 1.2 డెసిసైమన్లు అనుకోండి. అంటే లీటరులో సుమారు 770 మిల్లీగ్రాముల లవణాలు. ఒక ఎకరాకు పంటకాలంలో 500 మిల్లీమీటర్ల నీరు పెడితే అది 2 వేల ఘనపు మీటర్లు దాటుతుంది. దాంతోపాటు పొలంలోకి చేరే ఉప్పు దాదాపు ఒకటిన్నర టన్నులు. మంచి వాన కురిసి వేళ్ల కిందికి కడిగేస్తే సరే. కడగకపోతే రెండు మూడేళ్లలో పాల చౌడు తేలుతుంది.

ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కలో నీటి ఈసీ 0.7 కంటే తక్కువైతే చింత లేదు, 0.7 నుంచి 3 వరకు పంట చూసి వాడాలి, 3 దాటితే చాలా కట్టుదిట్టంగా తప్ప వాడకూడదు. ల్యాబ్ రిపోర్టులో మైక్రోసైమన్లు రాసి ఉంటే 1000తో భాగించండి. 1200 అని చూసి భయపడినవాళ్లూ ఉన్నారు, 1.2 అని చూసి ఏమీ కాదనుకున్నవాళ్లూ ఉన్నారు. రెండూ ఒకటే.

సోడియం. ఇది ఉప్పులో ఒక భాగమే కానీ చేసే పని వేరు. సోడియం ఎక్కువైతే బంకమన్ను విడిపోయి నేల మూసుకుపోతుంది, నీరు ఇంకదు. ఎర్ర నేలల్లో, ఇసుక నేలల్లో దీని దెబ్బ ఆలస్యంగా తెలుస్తుంది. నల్లరేగడిలో రెండో వానకే తెలుస్తుంది. రిపోర్టులో ఎస్‌ఏఆర్ (కాల్షియం, మెగ్నీషియంతో పోలిస్తే సోడియం ఎంత), ఆర్‌ఎస్‌సీ (కాల్షియం, మెగ్నీషియంను మించిన కార్బొనేట్లు ఎంత) అనే రెండు అంకెలు చూడండి. ఆర్‌ఎస్‌సీ 1.25 లోపుంటే మంచిది, 2.5 దాటితే జిప్సం లేకుండా పెట్టకూడదు.

క్రిములు, పురుగుల గుడ్లు. 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక గీత గీసింది. పచ్చిగా తినే పంటలకు పెట్టే నీటిలో 100 మిల్లీలీటర్లకు 1000 కంటే ఎక్కువ మల కోలిఫారంలు (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) ఉండకూడదు, లీటరుకు ఒకటి కంటే ఎక్కువ నులిపురుగు గుడ్లు ఉండకూడదు. 2006లో ఆ సంస్థే పద్ధతి మార్చింది. నీటి ఒక్కదాని మీదే భారం వేయకుండా పొలం, కోత, కడగడం, వంట అన్నీ కలిపి ఎంత రక్షణ వస్తుందో చూడమంది. ఆ లెక్కలు పనికొచ్చేవి. ఎత్తులో కాసే పంటకు డ్రిప్ పెడితే పండును చేరే క్రిములు పది వేల వంతుల్లో ఒక వంతుకు పడిపోతాయి. నేలకు దగ్గరగా కాసే పంటకైతే డ్రిప్‌తో నూరో వంతుకు తగ్గుతాయి. నీరు ఆపిన తర్వాత ఎండను బట్టి ఒక్క రోజులో మూడో వంతుకో, ఇంకా బాగుంటే నూరో వంతుకో వస్తాయి. మంచినీటితో కడిగితే పదో వంతు మిగులుతాయి. ఉడికిస్తే దాదాపు పోతాయి. ఏలికపాము గుడ్ల దగ్గర మాత్రం ఈ లెక్క పనిచేయదు, అవి మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. పొలంలో చెప్పుల్లేకుండా పనిచేసేవాళ్లకు కొంకిపురుగుల బెడద కూడా ఉంటుంది. తినేవాళ్ల కంటే ముందు ప్రమాదంలో పడేది నీళ్లు కట్టేవాళ్లే.

ఎరువు. ఇది లాభం పద్దు, కానీ నష్టం పద్దులోకి మారడానికి ఎంతో పట్టదు. నీటిలో లీటరుకు 20 మిల్లీగ్రాముల నత్రజని ఉంటే, పైన చెప్పిన 500 మిల్లీమీటర్లతో ఎకరాకు 40 కిలోల నత్రజని చేరుతుంది. 45 కిలోల యూరియా బస్తాలు దాదాపు రెండు. భాస్వరం లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే ఒక డీఏపీ బస్తాతో సమానం. అడగకుండానే వచ్చే ఈ ఎరువు మనకు కావలసినప్పుడు కాకుండా నీళ్లు పెట్టినప్పుడల్లా వస్తుంది. గింజ కట్టే దశలో కూడా వస్తుంది, మామిడి నిద్రపోవలసిన నెలల్లో కూడా వస్తుంది.

నీటి మీద హక్కు. దీన్ని ఎవరూ కొలవరు. చెన్నైలో కోయంబేడు, కొడుంగయ్యూరు దగ్గర బాగా శుద్ధి చేసిన నీరు ఫ్యాక్టరీలకు వెళ్తుంది. నాగపూర్ మురుగునీరు శుద్ధి అయి థర్మల్ విద్యుత్ కేంద్రానికి పోతుంది. డబ్బు పెట్టగల కొనుగోలుదారు వస్తే కాలువ చివరనున్న రైతు వాటా ఏమవుతుందో ముందే అడిగి పెట్టుకోవాలి.

## మొదటి దారి: నదిలో, నాలాలో కలిసి వచ్చే నీరు

హైదరాబాద్ దిగువన మూసీ వెంబడి జరిగేది ఇదే. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల శుద్ధి కేంద్రం ఉంది, ఇంకా కొత్తవి వస్తున్నాయి. అయినా శుద్ధి అయిన నీరు, కాని నీరు ఒకే నదిలో కలిసి కత్వల (చిన్న ఆనకట్టల) దగ్గర మళ్లి కాలువల్లోకి వెళ్తుంది. దేశం మొత్తం లెక్క చూసినా అంతే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో వెలువరించిన లెక్క ప్రకారం పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగునీరు పుడుతుంటే, నిజంగా శుద్ధి అవుతున్నది 20,236. కాబట్టి కాగితం మీద "శుద్ధి చేసిన నీరు" అన్నా, కాలువలో పారేది మిశ్రమమే కావచ్చు.

ఈ నీటిలో మూడు తగాదాలు. నగరానికి దగ్గరగా ఉంటే ఎరువు బలం మరీ ఎక్కువ. వరి ఏపుగా పెరిగి పడిపోతుంది, తాలు ఎక్కువవుతుంది, అగ్గితెగులు, సుడిదోమ పిలవకుండానే వస్తాయి. రెండోది పారిశ్రామిక వాడల లోహాలు. కాడ్మియం లాంటివి ఆకుకూరల్లోకి ఎక్కుతాయి. ఉడికిస్తే క్రిములు పోతాయి, కాడ్మియం పోదు. మూడోది, నీటి గుణం రోజూ మారుతుంది. ఇవాళ తీసిన నమూనా రేపటికి చెల్లదు.

మూసీ పక్కన పారాగడ్డి అంతగా ఎందుకు విస్తరించిందో దీన్నిబట్టి అర్థమవుతుంది. అది మురుగును తట్టుకుంటుంది, నత్రజనిని తాగేస్తుంది, కోసిన గంటల్లో నగరంలోని పాడివాళ్లకు అమ్ముడుపోతుంది. రైతు బతుకుతాడు. గడ్డి ద్వారా పాలలోకి ఏం వెళ్తుందన్నది అడిగేవాళ్లు తక్కువ. మీకు ఈ నీరు తప్ప వేరే దిక్కు లేకపోతే ఆకుకూరలు, ముల్లంగి, క్యారెట్, కొత్తిమీర, పుదీనా జోలికి పోకండి. పూలు వేసుకోవచ్చు, కానీ నీరు కట్టేటప్పుడూ కోసేటప్పుడూ గ్లవ్స్, బూట్లు తప్పవు.

## రెండో దారి: శుద్ధి కేంద్రం నుంచి నేరుగా పైపులో

దీన్ని రెండో దశ శుద్ధి అంటారు. గాలి కొట్టి, బ్యాక్టీరియాతో కుళ్లును తినిపించి, బురద దిగనిచ్చిన నీరు. చూడటానికి తేటగా ఉంటుంది, పెద్దగా కంపు కొట్టదు. 2017లో కేంద్ర ప్రభుత్వం కొత్త శుద్ధి కేంద్రాలకు పెట్టిన ప్రమాణంలో మల కోలిఫారం 100 మిల్లీలీటర్లకు 1000 లోపు ఉండాలి. ఆ ప్రమాణం నిజంగా అందుతుంటే క్రిముల విషయంలో సగం పోరు గెలిచినట్టే. అందుతోందా లేదా అన్నది మూడు నెలల రిపోర్టులు అడిగితే తెలుస్తుంది. క్లోరినేషన్ గదిలో సిలిండర్ ఖాళీగా ఉండటం మన దేశంలో వింతేమీ కాదు.

బలం ఏమిటంటే, వాన వచ్చినా రాకపోయినా ఊళ్లో జనం స్నానం చేస్తారు కాబట్టి నీరు వస్తుంది. ఎరువు ఉంటుంది, లెక్క తెలుస్తుంది, ఒకే చోటి నుంచి వస్తుంది కాబట్టి నెలకోసారి పరీక్ష చేస్తే చాలు. బలహీనత ఉప్పు, సోడియం. పైగా ఈ నీటికి ఆగే గుణం లేదు. శుద్ధి కేంద్రం రోజంతా వదులుతుంది, మీ పంట రోజంతా తాగదు. నిల్వ చేసుకునే కుంట లేకపోతే ఒకరోజు వరద, మరోరోజు ఎండగా ఉంటుంది.

జోర్డాన్‌లో అమ్మాన్ నగరపు మురుగును అస్‌ సమ్రా కేంద్రంలో శుద్ధి చేసి, కింగ్ తలాల్ జలాశయంలో వాన నీటితో కలిపి, జోర్డాన్ లోయకు పంపుతారు. అంటే వాళ్లు కూడా నేరుగా పొలానికి ఇవ్వడం లేదు, మధ్యలో నిల్వా కలపడం పెట్టుకున్నారు. ట్యునీషియా ఇంకా కచ్చితంగా ఉంది. అక్కడ ఈ నీటిని పచ్చిగా తినే కూరగాయలకు పెట్టకూడదు, మేత, తోటల లాంటివాటికే పెట్టాలి. మన దగ్గర అలాంటి నియమం రైతు తనకు తానే పెట్టుకోవాలి.

## మూడో దారి: చెరువులో నింపి, బోరులో పైకి తీసి

కోలారు పద్ధతి ఇది. కేసీ వ్యాలీ పథకంలో బెంగుళూరు నుంచి రోజుకు 440 మిలియన్ లీటర్ల రెండో దశ నీటిని ఎత్తిపోసి చెరువుల గొలుసులోకి వదలాలని ఉద్దేశం. పక్కనే చిక్కబళ్లాపురానికి హెచ్‌ఎన్ వ్యాలీ ద్వారా 210. చెరువు నుంచి మోటారు పెట్టి నేరుగా తోడకూడదు. నీరు ఇంకి భూగర్భంలో కలవాలి, రైతు బోరు నుంచి తీసుకోవాలి. ఎండిన బావుల్లో నీళ్లు కనబడిన మాట నిజం. మూడో దశ శుద్ధి (వడపోత, క్రిములను చంపడం) కూడా చేసి పంపమని అక్కడి రైతు సంఘాలు అడుగుతున్న మాటా నిజం.

నాకు ఈ దారే అన్నిటిలో నచ్చుతుంది, కానీ ఒక షరతు మీద. ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్ దగ్గర షఫ్దాన్ అనే కేంద్రం ఇదే పని ఇసుక దిబ్బల్లో చేస్తుంది. శుద్ధి నీటిని ఇసుక మడుల్లో నింపుతారు, ఇంకనిస్తారు, కొన్ని రోజులు ఆరబెడతారు, దున్నుతారు, మళ్లీ నింపుతారు. చుట్టూ ఉన్న బావుల్లోంచి తోడిన నీరు దక్షిణాన నెగెవ్ ఎడారి పొలాలకు వెళ్తుంది. ఇసుక, దాని మీది సూక్ష్మజీవులు, మధ్యలో ఆరబెట్టడం, ఈ మూడూ కలిస్తేనే ఆ నీటికి అంత పేరు.

మన చెరువు ఎప్పుడూ నిండే ఉంటుంది, అడుగున పూడిక. కింద ఇసుక కాదు, పగుళ్లున్న నల్లరాయి. ఆ పగులు మీ బోరుకు తిన్నగా కలిస్తే చెరువు నీరే పెద్దగా వడపోత లేకుండా వచ్చేస్తుంది. రాయి మీద మట్టి పొర మందంగా ఉన్న చోట, కట్ట నుంచి కాస్త దూరంలో ఉన్న బోరులో నీరు బాగా వడకడుతుంది. కట్ట కిందే ఉన్న బోరు, అర కిలోమీటరు అవతలి బోరు ఒకటి కావు. ఒకే ఊళ్లో ఒకరు "మా నీరు బంగారం" అని, ఇంకొకరు "మా నీరు వాసన" అని పోట్లాడుకుంటే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

ఉప్పు మాత్రం ఇంకినా పోదు. పాత భూగర్భజలం కంటే కొత్త నీరు తేటగా ఉంటే ఉప్పు తగ్గుతుంది, ఫ్లోరైడ్ కూడా పలచబడుతుంది. లేకపోతే పెరుగుతుంది. ఈ బోరు నీటిని తాగడానికి వాడాలనుకుంటే నైట్రేట్ పరీక్ష తప్పనిసరి. మన తాగునీటి ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. పాలు తాగే పసిబిడ్డలున్న ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

## నాలుగో దారి: మూడో దశ శుద్ధి, వడపోతతో

రెండో దశ నీటిని ఇసుకలోంచి గానీ సన్నని పొరల్లోంచి గానీ వడకట్టి, క్లోరిన్ లేదా అతినీలలోహిత కాంతితో క్రిములను చంపితే వచ్చే నీరు. క్రిముల లెక్కన కూరగాయలకు కూడా సరిపోతుంది, డ్రిప్ మూసుకుపోదు. ఉప్పు తీయాలంటే ఆర్వో దాకా వెళ్లాలి, దాని ఖర్చు వేరే లోకం. ఆర్వో పెట్టిన నీటిని ముందే చెప్పినట్టు ఫ్యాక్టరీలు ఎగరేసుకుపోతాయి. రైతుకు ఈ నీరు దొరికితే అదృష్టం, కానీ దీనికోసం ఎదురు చూస్తూ రెండో దశ నీటిని వదులుకోవడం తెలివి కాదు. పంట మార్చి, నీరు పెట్టే పద్ధతి మార్చి అదే రక్షణను చాలావరకు తెచ్చుకోవచ్చు.

ఉప్పు తగ్గించే చవకైన దారి పొలంలో లేదు, ఇళ్లలో ఉంది. ఇజ్రాయెల్ డిటర్జెంట్లలో బోరాన్ మీద పరిమితి పెట్టింది, ఎందుకంటే నారింజ తోటలకు బోరాన్ పడదు. మన చీనీ (బత్తాయి) తోటలకూ పడదు. మన సబ్బుపొడి ప్యాకెట్ల మీద ఆ లెక్క అడిగినవాళ్లను నేను ఇంకా చూడలేదు.

## ఐదో దారి: ఊరి కుంట

చిన్న ఊళ్లో, హాస్టల్ పక్కన, వరుసగా రెండు మూడు లోతు తక్కువ కుంటలు తవ్వి మురుగును కొన్ని రోజులు నిలవబెట్టడం. కరెంటు అక్కర్లేదు. ఎనిమిది పది రోజులు కదలకుండా నిలిస్తే నులిపురుగు గుడ్లు అడుక్కి దిగిపోతాయి. ఈ ఒక్క విషయంలో ఇది పెద్ద యంత్రాల కేంద్రాలకంటే మెరుగ్గా పనిచేయవచ్చు. అడ్డంకి స్థలం, దోమలు, ఎండాకాలం ఆవిరి. నీరు ఆవిరైతే ఉప్పు చిక్కబడుతుంది. పది ఎకరాల మేతకో, కలప చెట్లకో సరిపోతుంది.

## ఒకచోట చూస్తే

| దారి | క్రిముల భయం | ఉప్పు, సోడియం | ఎరువు | నీటి నమ్మకం | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|---|
| నాలా, నది మిశ్రమం | చాలా ఎక్కువ | ఎక్కువ, మారుతూ ఉంటుంది | మితిమీరి | బాగానే వస్తుంది | పూలు, కలప |
| నేరుగా రెండో దశ | మధ్యస్థం | మధ్యస్థం నుంచి ఎక్కువ | మంచిది, లెక్క తెలుస్తుంది | రోజూ వస్తుంది | పత్తి, జొన్న, మల్బరీ, మేత |
| చెరువు, బోరు | తక్కువ, బోరును బట్టి | పాత నీటిని బట్టి | తక్కువ | చెరువు గొలుసులో మీ స్థానాన్ని బట్టి | టమాటా, తోటలు, మల్బరీ |
| మూడో దశ | తక్కువ | ఆర్వో లేకపోతే అంతే | మధ్యస్థం | ఫ్యాక్టరీలతో పోటీ | కూరగాయలు, డ్రిప్ తోటలు |
| ఊరి కుంట | మధ్యస్థం | వేసవిలో పెరుగుతుంది | మంచిది | తక్కువ పరిమాణం | మేత, కలప |

## పంటను బట్టి, మనిషిని బట్టి

పంటలు ఉప్పును తట్టుకునే శక్తిలో ఎంతో తేడా ఉంది. నేల ఈసీ ఎంత దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుందంటే, పత్తికి 7.7, జొన్నకు 6.8, వేరుశనగకు 3.2, వరికి 3, టమాటాకు 2.5, మొక్కజొన్నకు, చెరకుకు 1.7, మిరపకు 1.5, ఉల్లికి 1.2, బీన్స్, క్యారెట్‌లకు 1. నీరు కొంచెం కిందికి దిగే నేలలో నేల ఈసీ నీటి ఈసీకి సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. అంటే 1.2 నీటితో నేల 1.8కి చేరుతుంది. ఉల్లి, బీన్స్ దెబ్బతింటాయి, టమాటా తట్టుకుంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. మన భూసార పరీక్ష కేంద్రాలు మట్టికి రెండు రెండున్నర రెట్లు నీళ్లు కలిపి ఈసీ కొలుస్తాయి, కాబట్టి వాళ్ల అంకె తక్కువగా కనిపిస్తుంది. పైన చెప్పిన అంకెలతో దాన్ని నేరుగా పోల్చకండి, ఎలా కొలిచారో అడగండి.

టమాటా రైతుకు. కోలారు వైపు కట్టెలు పాతి, తీగ కట్టి, మల్చింగ్ షీటు కింద డ్రిప్ వేసి పెంచే పద్ధతి ఈ నీటికి అచ్చంగా సరిపోయింది. కాయ నేలను తాకదు, నీరు కాయను తాకదు. రెండో దశ నీరైనా భయం చాలా తగ్గుతుంది. కోతకు ముందు రెండు రోజులు నీరు ఆపగలిగితే ఇంకా మంచిది. యూరియా సగానికి తగ్గించి చూడండి. ఆకు ముదురు పచ్చగా, పూత తక్కువగా ఉంటే ఇంకా తగ్గించాలి.

మామిడి, చీనీ తోటలవాళ్లకు. శ్రీనివాసపురం మామిడి రైతు ముందు గుర్తుంచుకోవలసింది, మామిడికి ఉప్పు పడదు, పూతకు ముందు చెట్టుకు నీటి విశ్రాంతి కావాలి. ఏడాదంతా నత్రజని ఉన్న నీరు అందితే చెట్టు పచ్చగా మెరుస్తుంది, చిగురు మీద చిగురు వేస్తుంది, పూత మాత్రం రాదు. అక్టోబరు నుంచి పూత వచ్చేదాకా ఈ నీటిని ఆపే శక్తి మీకు లేకపోతే, అంటే కాలువ మీ పొలం గుండానే పారుతుంటే, తోటకు ఇది వద్దు. ఆకుల కొసలు మాడితే క్లోరైడ్ అని అనుమానించండి. చీనీకి ఇంకా జాగ్రత్త, బోరాన్ లీటరుకు 0.75 మిల్లీగ్రాముల లోపుండాలి. కోతకు రెండు వారాల ముందు నీరు ఆపడం, నేల మీద రాలిన పండును అమ్మకపోవడం రెండూ పాత నియమాలే, ఇప్పటికీ మంచివే.

పట్టు రైతుకు. శిడ్లఘట్ట వైపు మల్బరీకి నత్రజని అంటే ప్రాణం, ఆకు తినేది మనం కాదు. అలాగని నీరు ఆకు మీద చిలకరించకండి. తడిసిన, మురికి ఆకు పురుగు కడుపులోకే వెళ్తుంది. డ్రిప్‌తో, ఆకు కోతకు ముందు కొన్ని రోజుల విరామంతో ఈ పంట రెండో దశ నీటికి బాగా నప్పుతుంది. కూరగాయల ధరలతో విసిగినవాళ్లు ఈ వైపు ఆలోచించవచ్చు.

పాడి రైతుకు. నేపియర్ లాంటి గడ్డి నత్రజనిని ఇష్టంగా తింటుంది. కానీ పశువులను నీరు పారుతున్న మడిలోకే వదిలేస్తే బద్దెపురుగుల సైకిల్ మొదలవుతుంది, మనిషి మలం నుంచి పశువుకు, పశువు మాంసం నుంచి మనిషికి. నీరు ఆపిన రెండు వారాల తర్వాతే మేపండి, లేదా కోసి ఎండబెట్టి వేయండి. నీటికి ఫ్యాక్టరీల వాసన తగిలిందని అనుమానముంటే గడ్డిలో లోహాల పరీక్ష చేయించకుండా పాలు అమ్మకండి.

వేరుశనగ రైతుకు. ఉప్పు లెక్కన పరవాలేదు. కానీ కాయ భూమిలోనే ఊరుతుంది. పచ్చికాయలు తినడం, అమ్మడం మన అలవాటు. ఎండిన గింజకు, నూనెకు అయితే పెట్టండి, పచ్చికాయ మార్కెట్‌కు అయితే బోరు దారి నీరు మాత్రమే.

కౌలు రైతుకు. ఈ మాట ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. ఉప్పు పేరుకోవడం భూమి యజమాని నష్టం, ఎరువు లాభం మీది. అందుకే యజమానులు ఒక్కోసారి ఒప్పుకోరు. రెండేళ్లకోసారి భూసార పరీక్ష మీ ఖర్చుతో చేయిస్తామని, జిప్సం పెడతామని రాసి ఇస్తే కౌలు నిలుస్తుంది, భూమీ నిలుస్తుంది.

## నీరు పెట్టే పద్ధతి: ఇంకో ఎంపిక

ఈ నీటికి స్ప్రింక్లర్ వద్దు. తుంపర గాలిలో ఎగిరి పక్క పొలం మీద, పనివాళ్ల ముఖాల మీద పడుతుంది, ఆకుల మీద ఉప్పు అంటుకుంటుంది. బోదెల్లో పారించడం చవక, మూసుకుపోయే భయం లేదు, ఉప్పు బోదె నెత్తి మీదికి చేరుతుంది. కాబట్టి మొక్కను నెత్తి మీద కాకుండా బోదె వాలులో నాటాలి. డ్రిప్ అన్నిటికంటే మంచిది, అన్నిటికంటే చిరాకు కూడా. నీటిలో తేలే పదార్థం లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే డ్రిప్పర్లు మొరాయించడం మొదలవుతుంది. శాండ్ ఫిల్టర్ ముందు, డిస్క్ ఫిల్టర్ వెనక, రెండూ ఉండాలి. డ్రిప్పర్లు గంటకు 2 లీటర్లవి కాకుండా 4 లీటర్లవి తీసుకోండి, మూసుకుపోవడం తగ్గుతుంది. లాటరల్ (డ్రిప్పర్లున్న సన్న పైపు) చివరలు వారానికోసారి విప్పి కడగండి. క్లోరిన్ పెట్టాలంటే బ్లీచింగ్ పౌడర్ వద్దు, దాని సున్నం పైపుల్లో పేరుకుంటుంది, ద్రవ హైపోక్లోరైట్ వాడండి. ఆమ్లం, క్లోరిన్ ఒకే రోజు ఒకే ట్యాంకులో ఎప్పుడూ కలపకండి, వచ్చే వాయువు ప్రాణం తీస్తుంది.

డ్రిప్‌తో ఇంకో సంగతి. తడి చుట్టూ ఉప్పు వలయంగా పేరుకుంటుంది. తొలకరి చిన్న జల్లు పడినప్పుడు ఆ ఉప్పు వేళ్ల మీదికి జారుతుంది. అందుకే చిన్న వాన పడుతుంటే డ్రిప్ ఆపడం కాదు, నడపాలి. పెద్ద వాన పడితే అప్పుడు ఆపండి, ఉప్పును అదే కిందికి కడిగేస్తుంది.

## ఒప్పుకునే ముందు అడగవలసినవి

శుద్ధి కేంద్రాన్ని గానీ నీటిపారుదల అధికారిని గానీ అడగండి. గత మూడు నెలల ఈసీ, ఎస్‌ఏఆర్, ఆర్‌ఎస్‌సీ, బోరాన్, నైట్రేట్, మల కోలిఫారం రిపోర్టులు ఇవ్వగలరా? ఎగువన పరిశ్రమల నాలా కలుస్తుందా? కలిస్తే కాడ్మియం, సీసం, క్రోమియం పరీక్ష కావాలి, నీటిలో కాడ్మియం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు దాటకూడదు. కరెంటు పోయినప్పుడు శుద్ధి కాని నీరు అదే పైపులో వస్తుందా? ఎన్నేళ్లకు కేటాయింపు, రాతపూర్వకంగా ఇస్తారా?

నమూనా మీరే తీసుకోండి. శుభ్రమైన లీటరు సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, నిండుగా పట్టి, గాలి లేకుండా మూత బిగించి, అదే రోజు ల్యాబ్‌లో ఇవ్వండి. క్రిముల పరీక్షకు మాత్రం ల్యాబ్ ఇచ్చే స్టెరైల్ సీసా వాడి, దాన్ని కడగకుండా, ఐసు పెట్టి తీసుకెళ్లాలి. ఒకటి మే నెలలో తీయండి, నీరు చిక్కబడే కాలం అది. ఇంకొకటి వానలు పడ్డాక తీయండి. రెండింటి పక్కన మీ పాత బోరు నీటి రిపోర్టు కూడా పెట్టండి. కొన్ని ఊళ్లలో పాత బోరు నీరే ఎక్కువ ఉప్పగా ఉందని ఆ రోజే తెలుస్తుంది.